ఐదో నంబరు ఎగ్జాస్ట్ వాల్వు

జూన్ 3, మంగళవారం

నరాల డాక్టరు ఒక నోటుపుస్తకం పెట్టుకోమన్నాడు. ఏ వేలు, ఏ పూట, ఎంతసేపు మొద్దుబారుతోందో రోజూ రాసి, నెల తర్వాత వచ్చి చెప్పాలట. అందుకే ఇది మొదలుపెట్టాను. వేళ్ల సంగతి వేరే కాగితం మీద ఎత్తి రాసి ఆయనకు ఇస్తాను. మిగతాది నాకోసం. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, రాయడానికి బద్ధకించను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం లేదు. డెబ్బై రెండేళ్ల మనిషికి ఎడమచేతి రెండు వేళ్లు కాస్త తిమ్మిరెక్కితే ఊరంతా టముకు వేయాలా?

ఈ రోజు: ఎడమ చూపుడువేలు, మధ్యవేలు. పొద్దున పది నిమిషాలు. తర్వాత లేదు.

జూన్ 4, బుధవారం

పళ్ల డాక్టరు మా ఇంజన్ల వర్క్‌షాపుకు వచ్చాడు. ఆయన ఎర్ర కారు ఇంజను బల్ల మీద విప్పి ఉంది. ఆరు సిలిండర్లు. మా అబ్బాయి వాటి లోపలి గోడలు కోసి సాపు చేసే బోరింగు పని పూర్తి చేశాడు. ఇక తేల్చాల్సింది వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ ఏ రకం వేయాలన్నదే. రోజూ క్లినిక్కుకు అదే కారు, ఆదివారం కొండదారి మీద ఎగరడానికీ అదే కారు. ఆయనకు రెండూ కావాలి.

షాపులోనే పనిచేసే మనవరాలు ముందుగానే మొదలుపెట్టింది. "డాక్టరుగారూ, హైడ్రాలిక్ వేసుకోండి. క్యామ్ మీద కూర్చునే ట్యాపెట్ లోపల ఆయిలు ఉంటుంది. వాల్వు దగ్గర సందు పడితే దాన్ని అదే పూడ్చుకుంటుంది. చప్పుడుండదు. మూత విప్పే పనే ఉండదు."

"నిమిషానికి ఆరు వేల చుట్లు దాటితే?" అన్నాను. "ఆయిలు ట్యాపెట్‌ను పైకి తోసి పట్టేస్తుంది. వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజను ఊపిరి ఆగుతుంది. అప్పుడేం చెబుతావు ఆయనకు?"

"ఈయన ఆరు వేలు దాటడు నానమ్మా. దాటితే మలుపు దాటడు."

"నా ఎదురుగానే నా చావు గురించి మాట్లాడుకుంటున్నారే," అన్నాడు పళ్ల డాక్టరు. "సాలిడ్ అయితే ఏమిటి తేడా?"

"అది ఉత్త ఇనుపముక్క. తనంతట తాను సర్దుకోదు. వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఎంత సందు ఉండాలో మనిషి పెట్టాలి. ఐదు వేల కిలోమీటర్లకొకసారి మళ్లీ చూడాలి. కానీ పై చుట్లలో దానికి సాటి లేదు."

"పళ్ల సందులు నేను చూసుకుంటా. వాల్వుల సందులు ఎవరు చూస్తారు టీచరమ్మా?"

"నేను. నలభై ఏళ్లుగా ఈ షాపులో నేనే."

అబ్బాయి లేతు దగ్గర నుంచి తలెత్తకుండానే, "అమ్మ ఏదంటే అదే," అన్నాడు. ఈ విషయంలో వాడు ఎన్నడూ నా మాటకు అడ్డురాలేదు. వాళ్ల నాన్న కూడా రాలేదు. బడి నుంచి వచ్చి చీర చెంగు బిగించి నేను సందులు పెడుతుంటే, ఆయన పక్కన లైటు పట్టుకుని నిలబడేవారు.

మనవరాలు వదల్లేదు. "మనిషి చెయ్యి అక్కర్లేకపోతే అదేమైనా తప్పా నానమ్మా?"

"తప్పే."

సాలిడ్ అని ఖాయం చేశాం.

వేళ్లు: పొద్దున పావుగంట.

జూన్ 5, గురువారం

లేదు.

జూన్ 7, శనివారం

క్యామ్, పన్నెండు కొత్త ట్యాపెట్లు వచ్చాయి. లెక్క చూసుకుని పెట్టించాను.

మనవరాలు మూడు రోజులుగా అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతోంది. ఇరవై నాలుగేళ్లొచ్చాయి. మూతి మాత్రం ఆరో తరగతిలో లాగానే ముడుచుకుంటుంది. రాకర్లను నెట్టే పుష్‌రాడ్లు కడుగుతుంటే పక్కన కూర్చున్నాను.

"నీ మాట చెల్లలేదని కోపమా?"

"కోపం కాదు. ఆలోచిస్తున్నా."

"దేని గురించి?"

"ఇంకొక్కసారి ఆయనకు చెప్పి చూద్దామా? ఇప్పటికీ మార్చుకోవచ్చు."

"నీకు సందులు పెట్టడం నేర్పింది ఎవరు?"

"నువ్వే."

"మరి నేర్చుకున్నదాన్ని పనికిరాకుండా చేసే యంత్రం మీద అంత మోజు ఏమిటే?"

పుష్‌రాడ్లన్నీ శుభ్రంగా కడిగి ఆరబెట్టింది. పనిలో వంక పెట్టలేను.

జూన్ 12, గురువారం

గుండీలు పెట్టుకునేసరికి ఆలస్యమైంది. కోడలు మూడుసార్లు పిలిచింది. కొత్త జాకెట్టుకు కాజాలు చిన్నగా కుట్టాడు దర్జీ.

వేళ్లు: మామూలే.

జూన్ 16, సోమవారం

ఎర్ర కారు ఇంజను పూర్తయింది. కొత్త క్యామ్ ట్యాపెట్లతో కలిసి అరిగి అమరాలి కాబట్టి రెండు వేల చుట్ల పైన ఇరవై ఐదు నిమిషాలు నడిపించాడు అబ్బాయి. వేడి చల్లారకముందే నేను సందులు పెట్టాను. గాలి పీల్చే ఇన్‌టేక్ వాల్వులకు పద్దెనిమిది, పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వులకు ఇరవై, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన.

మామూలుగా ఈ పని పొద్దున చేస్తాను. సంతకం పెట్టి భోజనానికి ఇంటికి వెళ్లి, నడుం వాల్చి మూడింటికి తిరిగి వస్తాను. ఈ రోజు అంతా మధ్యాహ్నానికి జరిగింది. మనవరాలిని పక్క ఊరికి ఇంకొకరి ఇంజను క్రాంకు తెమ్మని పంపాడు వాళ్ల నాన్న. వెళ్లేముందు నా దగ్గరకు వచ్చింది.

"రేపు పెట్టుకుందాం నానమ్మా. నేను ఉన్నప్పుడు."

"నువ్వుంటే ఏమవుతుంది? సందు పెరుగుతుందా?"

"ఊరికే. లైటు పట్టుకుంటా."

"లైటు పట్టడానికి స్టాండు ఉంది. బస్సు పోతుంది, నడువు."

నా పద్ధతి నాది. సందులో కొలతకు పెట్టే పలచటి ఇనుపరేకు, గేజ్ ఆకు, దూరుస్తాను. తిరిగితే సందు తగ్గిపోయే స్క్రూను ఎడమచేతి స్క్రూడ్రైవరుతో కదలకుండా పట్టి, కుడిచేత్తో దాని నట్టు బిగిస్తాను. ఆఖరి పావు చుట్టు ముందు ఆకు లాగేస్తాను. మళ్లీ ఆకు దూర్చి చూడటం తన చేతి మీద తనకు నమ్మకం లేనివాళ్లు చేసే పని. పన్నెండు సందులూ రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. సంతకం పడ్డాక వాల్వుల మూత ఎవరూ తీయకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. ఒకరు పెట్టినది ఇంకొకరు కెలికితే తప్పు ఎవరిదో ఏనాటికీ తేలదు.

మనవరాలు మూడున్నరకు వచ్చింది. నాలుగింటికి పళ్ల డాక్టరు కారు కోసం వచ్చాడు. "రేపు తీసుకెళ్లండి డాక్టరుగారూ, ఇంకొకసారి చూస్తా," అంది ఇది.

"పిప్పిపన్ను పీకినంత పని చేశారు, ఇంకా చూసేదేముంది?" అని ఆయన నవ్వాడు.

"సంతకం అయింది," అన్నాను. కారు వెళ్లిపోయింది. ఆ చప్పుడు చెవికి ఎంత హాయిగా ఉందో.

జూన్ 17, మంగళవారం

ఎడమ చూపుడువేలి కొసన శనగగింజంత బొబ్బ. ఎప్పుడు కాలిందో తెలియలేదు. టీ గ్లాసు అయ్యుంటుంది.

జూన్ 19, గురువారం

బొబ్బ చితికింది. మనవరాలు చూసి, "ఇదేంటి?" అంది. టీ గ్లాసు అన్నాను. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. మందు రాసింది. రాస్తున్నట్టు నాకు కళ్లతో తెలిసింది.

టీ గ్లాసే.

జూన్ 30, సోమవారం

పళ్ల డాక్టరు ఫోను చేశాడు. నిన్న కొండదారి సగంలో కారు దగ్గడం మొదలుపెట్టి, లాగలేక ఆగిపోయిందట. భార్య, ఆయనా రెండు గంటలు ఎండలో నిలబడ్డారట. లారీ వెనక కట్టి తెస్తున్నారు.

పెట్రోలు బాగుండి ఉండదు.

జూలై 1, మంగళవారం

పెట్రోలు కాదు.

ఇంజను పైభాగం, హెడ్డు, దించారు. ఐదో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఎలుక కొరికినట్టు కాలిపోయింది. దించేముందు అబ్బాయి సందులు కొలిచాడు. ఆ వాల్వు దగ్గర గేజ్‌లోని అతి పలచటి ఆకు కూడా దూరలేదు. సందు లేకపోతే వేడికి సాగిన వాల్వు తన పీటలో పూర్తిగా కూర్చోదు. మంట ఆ పక్కనుంచి తన్నుతుంది. రెండో ఎగ్జాస్ట్ ఏడు ఉంది. మూడో ఇన్‌టేక్ పదకొండు.

అబ్బాయి రిజిస్టరు తెరిచాడు. ఇరవై, ఇరవై, పద్దెనిమిది. కింద నా సంతకం. మనవరాలిని పిలిచాడు. పళ్ల డాక్టరు అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"మూడున్నరకు నువ్వొచ్చావు. నాలుగింటికి కారు వెళ్లింది. ఆ అరగంటలో ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు నాన్నా. ఈ ఒక్కసారి ముట్టుకోలేదు."

"ఈ ఒక్కసారా? అంటే మిగతా ఇంజన్లు ముట్టుకుంటావా? నానమ్మ సంతకం పెట్టాక?"

అది నేల చూసింది.

"నోట్లో నాలుక లేదా? చెప్పవే!"

"ముట్టుకుంటా."

"అదీ సంగతి. డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి. మా అమ్మాయి కెలికింది. మా అమ్మ చేతిలో నలభై ఏళ్లలో ఒక్క వాల్వు కాలలేదు. దీని చేతికి ఇంజను ఇవ్వడం నా బుద్ధి తక్కువ."

షాపు తాళంచెవి బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టింది. చేతులు తుడుచుకుని, గుడ్డ నాలుగు మడతలు వేసి దాని చోట పెట్టి వెళ్లిపోయింది.

అబ్బాయి మాట్లాడుతున్నప్పుడు మధ్యలో దూరడం పద్ధతి కాదు కాబట్టి నేనేమీ అనలేదు.

జూలై 2, బుధవారం

ఈ ఒక్కసారి.

జూలై 3, గురువారం

నేను పెట్టినవాటిని కెలకడానికి దానికి ఎంత ధైర్యం? రిజిస్టరు తీశాను. గడిచిన ఏడాదిగా సాలిడ్ ట్యాపెట్ల ఇంజన్లు పద్నాలుగు చేశాం. పద్నాలుగింటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. అది కెలికిన పద్నాలుగూ నడుస్తున్నాయి. కెలకనిది కాలిపోయింది.

ఈ లెక్క రెండుసార్లు వేశాను.

జూలై 4, శుక్రవారం

మనవరాలు దూరాన ఒక బస్సు డిపో వర్క్‌షాపులో పనికి ఒప్పుకుందట. మంగళవారం పొద్దున ఆరూ నలభై బస్సు. కోడలు ఏడుస్తోంది. అబ్బాయి, "వెళ్లనీ. నాలుగు చోట్ల తిరిగితే బుద్ధొస్తుంది," అంటున్నాడు. కంచంలో అన్నం మాత్రం అలాగే వదిలేసి లేచాడు.

జూలై 5, శనివారం

ఈ పుస్తకంలో తప్పులు ఉన్నాయి. దిద్దుతున్నాను.

జూన్ 5న "లేదు" అని రాశాను. ఉంది. రోజంతా ఉంది. జూన్ 12న దర్జీ తప్పేమీ లేదు, కాజాలు సరిగానే కుట్టాడు. జూన్ 17న టీ గ్లాసు కాదు. ముందురోజు కాలుతున్న రాకర్ల మీద వేలు ఆనించి ఉన్నాను, నాకు తెలియలేదు. జూలై 1న నేను నోరు మెదపనిది పద్ధతి కోసం కాదు. వాడి మాట విని, బయటపడ్డాననుకున్నాను. ఒక క్షణం హాయిగా అనిపించింది. ఆ ముక్క రాయలేదు.

జూలై 6, ఆదివారం

షాపుకు సెలవు. పొద్దున ఎనిమిదింటికి నా తాళంచెవితో తలుపు తీసి ఒక్కదాన్నే కూర్చున్నాను. మూల బల్ల మీద పాత హెడ్డు ఒకటి ఉంది. దాని ఆరు వాల్వులకు నా పద్ధతిలోనే ఇరవై చొప్పున సందు పెట్టాను. తర్వాత డయల్ గేజ్ బిగించి ఒక్కొక్కటే కొలిచాను. డయలుకు చేతి స్పర్శతో పని లేదు. ముల్లు ఎక్కడ నిలిస్తే అదే సందు.

20, 11, 6, 17, 4, 13.

డయలు చెడిందేమోనని గేజ్ ఆకు పెట్టి సరిచూశాను. చెడలేదు. అన్నీ వదులు చేసి మళ్లీ పెట్టాను. ఈసారి నిదానంగా, ఊపిరి బిగబట్టి.

19, 8, 12, 20, 3, 9.

మూడోసారి నా చేతినే చూస్తూ పెట్టాను. అప్పుడు కనబడింది. కుడిచెయ్యి నట్టు బిగిస్తుంటే దాంతో పాటే స్క్రూ కూడా తిరుగుతోంది. నా ఎడమచేతిలోని స్క్రూడ్రైవరు కూడా మెల్లగా తిరుగుతోంది. నేను దాన్ని కదలకుండా పట్టుకున్నాననే అనుకుంటున్నాను. నా కళ్ల ముందు తిరుగుతున్నా, కదలడం లేదనే నా చెయ్యి నాకు చెబుతోంది.

బడిలో తప్పు లెక్కకు సరైన జవాబు ఎక్కించుకొచ్చిన పిల్లలను నిలబెట్టి, "ఇది ఎవరిది చూసి రాశావు?" అని అడిగేదాన్ని. ఏడాదిగా నా రిజిస్టరులోని జవాబులన్నీ అలాంటివే.

ఇంటికి వచ్చేసరికి మనవరాలు పెట్టె సర్దుతోంది. తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చున్నాను.

"ఎన్ని ఇంజన్లు?"

ఏమిటని అడగలేదు. "పద్నాలుగు."

"ఎప్పుడు చేసేదానివి?"

"నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు. మళ్లీ స్టార్టు చేసి వేడెక్కించి సరిచేసేదాన్ని. ట్రయల్ చూస్తున్నాననుకునేవాడు నాన్న."

"ఎలా తెలిసింది నీకు?"

"టాక్సీ ఇంజనప్పుడు. చప్పుడు తేడాగా ఉంటే మూత తీశా. రెండు బిగుసుకుపోయి ఉన్నాయి. నువ్వు అలా చెయ్యవు. తర్వాత నువ్వు సూదిలో దారం ఎక్కిస్తుంటే చూశా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తావు. మానేస్తే ఇక షాపుకు రావు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు నానమ్మా? అమ్మ ఉప్పూ పప్పూ తూకం వేస్తావా?"

నవ్వబోయింది. నేను నవ్వలేదు. అదీ మానేసింది.

"హైడ్రాలిక్ అని పట్టుబట్టింది కూడా అందుకేనా?"

"సగం అందుకే. మిగతా సగం, ఆయనకు నిజంగా అదే సరిపోతుంది. రోజూ ట్రాఫిక్‌లో గంటసేపు నిలబడే కారు అది. నాలుగు ఆదివారాల కోసం సాలిడ్ ఎందుకు?"

ఆ రోజు ఈ మాట అంటే నేను వినేదాన్నా? అనబోయింది కూడా. నేనే మధ్యలో అందుకున్నాను.

"నేను మీ నాన్నకు చెబుతాను."

"వద్దు నానమ్మా. నన్ను కాపాడటానికి నీ మీద వేసుకుంటున్నావనుకుంటాడు. నాన్న లెక్కలో నీ చెయ్యి తప్పు చెయ్యదు. నువ్వు ఎంత చెప్పినా అంతే."

"ఉంటావా మరి?"

చొక్కా ఒకటి మడత పెట్టింది. విప్పింది. మళ్లీ పెట్టింది. "డాక్టరుగారి ముందు అన్నాడు నాన్న. నువ్వు కూడా అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"నువ్వు ఏదో ఒకటి అంటావనుకున్నా. ఏదో ఒకటి."

పెట్టె మూత పడటం లేదని నన్ను దాని మీద కూర్చోమంది. కూర్చున్నాను. తాళం వేసింది.

అబ్బాయి మాటతో నమ్మడు. అది నిజమే. వాడికి చూపించాలి. జరగాల్సినవి వరసగా రాసుకుంటున్నాను.

1. రేపు తొమ్మిదింటికి అబ్బాయి కళ్ల ముందు పాత హెడ్డుకు ఆరు సందులూ నేను పెట్టాలి. డయలు వాడే చదవాలి, పైకి వినబడేటట్టు. ఏ అంకె వచ్చినా మధ్యలో ఆపకూడదు.

2. ఆ సమయానికి పళ్ల డాక్టరును కూడా రమ్మనాలి. తప్పు దానిదని ఆయన ముందు అన్నారు కాబట్టి, నాదని ఆయన ముందే తేలాలి. రెండు గంటలు ఎండలో నిలబడినందుకు ఆయన భార్యకు నేనే ఫోను చేసి చెప్పాలి.

3. రిజిస్టరులో పద్నాలుగు పేజీల్లోనూ నా సంతకం పక్కన ఎర్రసిరాతో "సరిచేసింది మనవరాలు" అని రాయాలి. నా సంతకం కొట్టేయకూడదు. రెండూ కనబడాలి. పదిహేనో పేజీలో నా సంతకం ఒక్కటే ఉండాలి.

4. మూత తీయకూడదన్న నియమం ఎత్తేయాలి. ఒకరు పెట్టింది ఇంకొకరు కొలిచాకే కారు బయటకు వెళ్లాలి.

5. ఎర్ర కారుకు హైడ్రాలిక్ క్యామ్. సరిపోయే ట్యాపెట్లు, పుష్‌రాడ్లు దాంతోనే తెప్పించాలి. కారణం రాసేచోట అది చెప్పిన కారణమే రాయాలి, నా చెయ్యి కాదు.

6. నేను ఇక రాకర్ల మీద చెయ్యి పెట్టకూడదు. షాపుకు మాత్రం వెళ్లాలి. ఎవరు కొలిచినా అంకె చెబితే రాసుకోవాలి.

7. అబ్బాయి దానికి క్షమాపణ చెబుతాడో లేదో వాడి ఇష్టం. నేను మాత్రం బస్సు బయలుదేరేలోపు చెప్పాలి. ఉండమని అడగకూడదు.

8. అది బస్సు ఎక్కినా సరే, 1 నుంచి 6 వరకు జరగాలి.